ఎంగిలి పరీక్ష

"గ్లాసులో నీళ్ళు ఒక గుక్క తాగండి," అంది వకుళ.

అప్పలకొండ తాగాడు.

"ఇప్పుడు అదే గ్లాసులో ఉమ్మండి."

అతను ఆమె ముఖంలోకి అనుమానంగా చూశాడు. పాతికేళ్ళుగా విశాఖ మురుగు కాలవల్లో దిగుతున్న మనిషి. చల్లటి గది, తెల్లటి బల్ల, చేతులకి తొడుగులు వేసుకున్న మేడమ్. ఇక్కడ ఉమ్మొచ్చా అన్నట్టు చుట్టూ చూసి, చివరికి సిగ్గుపడుతూ గ్లాసులో ఉమ్మాడు.

"ఇప్పుడు తాగండి."

"ఏటమ్మా, ఏళాకోళమా? నా ఎంగిలి నానెందుకు తాగుతాను?"

"ఇందాక మీ నోట్లో ఉన్నదే కదా అది."

"నోట్లో ఉన్నంతసేపే నాది. బయటికొచ్చీసినాక నాది కాదు."

వకుళ ఆ మాట రాసుకుంది. మనస్తత్వ శాస్త్రంలో పట్టా కోసం తను అయిదేళ్ళు చదివిన పుస్తకాల సారం అంతకంటే ఎక్కువేం లేదనిపించింది. తర్వాత అతని కుడి చెవి వెనక రూపాయి బిళ్ళంత పట్టీ ఒకటి అంటించింది. ఇరవై నిమిషాలు అవీ ఇవీ మాట్లాడింది. మళ్ళీ అదే గ్లాసు ముందుకు జరిపింది.

అప్పలకొండ గ్లాసు కేసి చూశాడు. పైన తేలుతున్న నురగని చూశాడు. "పర్లేదమ్మా," అని గడగడా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

వకుళ గడియారం ఆపింది. నాలుగు సెకన్లు.

గ్లాసు చూపించినప్పటి నుంచి మనిషి నోటి నుంచి 'పర్లేదు' అనే మాట వచ్చేవరకూ ఎన్ని సెకన్లు పట్టిందో, అదే ఆమె కొలమానం. దానికి ప-సూచీ అని పేరు కూడా తనే పెట్టింది. మొదట్లో అదొక సరదా. తర్వాత 'సాంత్వన' కంపెనీ కాగితాలన్నిటిలోకీ ఎక్కింది.

మెదడులో, చెవికి కాస్త లోపలగా, ఒక చిన్న మడత ఉంటుంది. కుళ్ళిన గుడ్డు వాసన తగిలినా, కళ్ళెదుట ఒకడు నీచమైన పని చేసినా ఆ మడతే ముడుచుకుంటుంది. రెండింటికీ తేడా దానికి తెలియదు. పట్టీ దాన్ని జోకొట్టి పడుకోబెడుతుంది. మురుగులో దిగేవాళ్ళకి, కాలిన ఒళ్ళు తుడిచే నర్సులకి, శవాల గదిలో పనిచేసేవాళ్ళకి పూటకింత అన్నం సహించేలా చెయ్యాలని మొదలుపెట్టిన పని అది. వకుళ అందుకే ఆ ఉద్యోగంలో చేరింది. ఆ సంగతి తనకి తానే తరచుగా గుర్తు చేసుకునేది.

మూడు వారాల తర్వాత అప్పలకొండ వచ్చి పట్టీని కాగితంలో చుట్టి బల్లమీద పెట్టాడు.

"ఒద్దమ్మా. తీసీసినాను. తీసీసినాక మూడు దినాలు కక్కినాను. తిన్నది కాదు. ఈ మూడు వారాల్లో దిగిన కాలవలన్నీ ఒక్కోటీ గురుతొచ్చి కక్కినాను."

"అన్నం బాగానే తింటున్నానన్నారు కదా, పోయినసారి?"

"తిన్నాను. కానీ కంపు కొడితేనే గదమ్మా పైకొచ్చీసీది. మొన్న లోపల గేసు ఉంది. నాకేటీ తెలీలేదు. నా పక్కోడు తాడట్టుకు లాగకపోతే అక్కడే ఉండిపోదును."

వకుళ నివేదికలో రెండూ రాసింది. పైనుంచి తిరిగొచ్చిన ప్రతిలో గ్యాసు సంగతి లేదు. మూడు రోజుల వాంతులున్న చోట 'తొలగించిన తర్వాత స్వల్ప అసౌకర్యం' అని ఉంది. "ఇలా మార్చాం, చూసుకో అమ్మా," అని ఫోన్ వచ్చింది.

"పర్లేదు బాబాయ్," అంది వకుళ. అప్పటికి ఆమె చెవి వెనక ఏ పట్టీ లేదు.

*

బాబాయ్ అంటే కంపెనీ అధిపతి గోవర్ధనరావు. ఆఫీసులో సార్ అన్న మాట నిషేధం. ఉద్యోగంలో చేరిన రోజునే చెప్తారు: ఇది కంపెనీ కాదు, కుటుంబం. ఆయన బాబాయ్. సిబ్బంది వ్యవహారాలు చూసే సువర్చల పిన్ని. సెలవు కావాలంటే పిన్నిని అడగాలి. పిన్ని 'నాన్నా, ఇప్పుడెందుకురా సెలవు' అంటుంది. ఆ 'నాన్నా' విన్నాక ఇంక ఏ నిబంధన గురించీ అడగబుద్ధి కాదు. రాత్రి పదింటికి ఫోన్ చేసి పని చెప్తే 'సొంత బాబాయ్ చెప్తే చెయ్యవా' అని నవ్వు. మానేస్తానన్నవాళ్ళని వీడ్కోలు సభలో 'ఇంట్లోంచి వెళ్ళిపోతున్న పిల్ల' అని పిలిచి, అందరి ముందూ ఏడిపించి పంపేవారు.

శుక్రవారం పంక్తి భోజనం. అరవై మంది ఒకే పొడుగాటి బల్ల దగ్గర కూర్చుని, ఎవరి డబ్బా వాళ్ళు విప్పుకోవాలి. బాబాయ్ డబ్బా తెచ్చుకోడు. ఒక చివర నుంచి మొదలుపెడతాడు. ఒకరి డబ్బాలో చెయ్యి పెట్టి ముద్ద కలుపుకుని తింటాడు. వేళ్ళు నాకుతాడు. ఆ చెయ్యే పక్కవాళ్ళ డబ్బాలో పెడతాడు.

"మీ అమ్మ వంటేనా? ఉప్పు తక్కువైంది. ఏమనుకోకు."

"పర్లేదు బాబాయ్."

మధ్య వేలికి పచ్చరాయి ఉంగరం. ఆ రాయి చుట్టూ ఉన్న గాడిలో ఎప్పుడూ ఒక మెతుకు ఇరుక్కుని ఉండేది. ఆ మెతుకు ఎవరి డబ్బాలోదో, ఏ కూర నూనెలో మునిగి వచ్చిందో వకుళకి అనవసరం. కానీ కళ్ళు దానిమీదే ఉండేవి. ఆ చెయ్యి తన డబ్బా వరకూ వచ్చేసరికి నలభై డబ్బాల ఎంగిలి దానిమీద ఉంటుంది. గోళ్ళ చివర్ల పసుపు, వేలి ముడతల్లో పప్పు. ఆ చెయ్యి వెళ్ళాక ఆమె డబ్బాలో మిగిలిన అన్నం మీద నాలుగు గుంటలు కనిపించేవి. వాటిని చూస్తూ నవ్వుతూ కూర్చునేది. తర్వాత ఆ అన్నం తినేది. తినకపోతే పిన్ని చూస్తుంది.

ఎందుకు తినేదానివని ఆ తర్వాత చాలాసార్లు తనని తాను ప్రశ్నించుకుంది. భయం వల్ల కాదు. అరవై మంది తింటుంటే తను ఒక్కతే అసహ్యించుకోవడం అహంకారంలా అనిపించేది. అసహ్యం తన తప్పేమోననిపించేది.

ఉగాది తర్వాతి వారం పట్టీలు సిబ్బందికి కూడా పంచారు. వాటికి 'హాయి పట్టీ' అని పేరు పెట్టారు. బలవంతం లేదు. కానీ పెట్టుకున్నవాళ్ళ పేర్లు గోడమీద ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి. నెల తిరగకుండానే గోడంతా ఆకుపచ్చ. ఫిర్యాదుల పెట్టె ఖాళీ. ప-సూచీ సగటున మూడు సెకన్లకి దిగింది. ఆ పట్టిక చూసి బాబాయ్ కళ్ళు చెమర్చాయి. "చూశావా వకుళా, మన పిల్లలెంత సంతోషంగా ఉన్నారో."

ప్రయోగం నడిపేవాళ్ళు పట్టీ పెట్టుకోకూడదన్నది నియమం. అందువల్ల వకుళకి మినహాయింపు దొరికింది. ఆ రోజుల్లో ఆఫీసంతటిలో కడుపులో తిప్పే మనిషి ఆమె ఒక్కతే.

*

హైమ ఫిర్యాదు పట్టీలు రావడానికి ముందే వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నర్సీపట్నం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ ప్రయోగశాలలో పరికరాలు చూసుకునేది. విచారణ సంఘంలో ముగ్గురు: పిన్ని, లెక్కల విభాగం పెద్దాయన, వకుళ.

"పుట్టినరోజు నాడు అందరి ముందూ ముద్ద పెట్టారు," అంది హైమ. ఆమె కళ్ళు బల్లమీదే ఉన్నాయి. "అది సరే. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం గదికి రమ్మనేవారు. తలుపు వేసి, తను తింటున్న చేత్తోనే నాకు కలిపి పెట్టేవారు. వద్దంటే 'బాబాయ్ చేతి ముద్ద వద్దంటావా' అనేవారు. నోట్లో వేళ్ళు పెట్టేవారు. ముద్ద అయిపోయాక కూడా వేళ్ళు తీసేవారు కాదు."

పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నాన్నా, ఆయనకి ఆడపిల్లలు లేరు. ఆ ప్రేమకొద్దీ..."

"నాకు ప్రేమలా లేదండీ."

"అండీ ఏవిటే? పిన్నినా కానా?"

లెక్కల పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ముద్ద పెట్టాడు అని కాగితం మీద రాస్తే చదివినవాళ్ళు నవ్వుతారు. ఇంకేమైనా జరిగిందా?"

"అదే జరిగింది," అంది హైమ.

వకుళకి అప్పుడు నోట్లో ఏదో అడ్డుపడినట్టయింది. పంటి సందుల్లో ఇంకొకరి మెతుకు. హైమ ఆమె వైపు తిరిగింది. "మీకు అర్థమవుతుంది కదక్కా? మీ చదువే అది." వకుళ అవునని తలూపింది. ఆ పిల్లని ఆ రోజు నిలబెట్టినది ఆ తలూపు ఒక్కటే. విచారణ పూర్తయ్యాక చివరి పత్రం మీద మూడు సంతకాలూ పడాలి. ఒక్కటి పడకపోయినా విషయం బయటి అధికారులకి వెళ్ళాలన్నది నిబంధన.

రెండో విచారణ పదకొండు వారాలు వాయిదా పడింది. ఈలోగా గోడమీద హైమ పేరు ఆకుపచ్చగా మారింది. మళ్ళీ వచ్చి కూర్చున్నప్పుడు ఆమె కొద్దిగా ఒళ్ళు చేసింది. ముఖం నున్నగా, నిద్ర చాలినట్టుగా ఉంది.

"ఇప్పుడు కూడా పిలుస్తున్నారా?" అడిగింది వకుళ.

"ఆఁ. రోజూ."

"ముద్ద పెడతారా?"

"పెడతారు."

"మరి?"

"పర్లేదక్కా."

ఒక్క సెకను. వకుళ చూపు అలవాటుగా గోడ గడియారం మీదికి పోయింది. అలా పోయినందుకు తనమీద తనకే రోత పుట్టింది. హైమ పెదవి చివర పసుపు మరక ఎండి ఉంది. అది అక్కడ ఉందని ఆ పిల్లకి తెలిసే ఉంటుంది. తుడుచుకోవాలనిపించలేదంతే.

ఫిర్యాదుదారు సంతృప్తిగా ఉన్నందున విచారణ ముగిస్తున్నామని రాశారు. పత్రం సిద్ధం. ఇద్దరు సంతకం చేశారు. వకుళ కలం పట్టుకుంది. కడుపులో నుంచి పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నాయి. కలం పెట్టేసి బాత్రూములోకి పరిగెత్తింది. మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడు పిన్ని ఆమె గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నీది ఒంట్లో బాగోకపోవడం నాన్నా. ఒక్కరోజు పెట్టుకో. సంతకం అయ్యాక తీసేద్దువు గాని. నేనే అంటిస్తాను, ఇలా తిరుగు."

వకుళ తిరిగింది.

తనని ఎవరూ కట్టేయలేదు. అప్పలకొండ చెప్పినది మర్చిపోనూలేదు. తలూపినప్పుడు హైమ కళ్ళలో కనిపించిన ఆసరా కూడా గుర్తుంది. అయినా మూడు రోజులుగా అన్నం సహించడం లేదు. పుల్లటి నీళ్ళ నుంచి విముక్తి కావాలనిపించింది. అంతకంటే పెద్ద కారణం వెతికితే దొరకలేదు. చెవి వెనక పిన్ని వేళ్ళు చల్లగా తగిలాయి.

ఇరవై నిమిషాలకి లోపల ఏదో సర్దుకుంది. కిటికీ అవతల సముద్రం నిజంగానే అందంగా ఉంది. పత్రం మరోసారి చదివింది. భాష బాగుంది. సంతకం చేసింది. ఆ రోజు శుక్రవారం. పంక్తిలో బాబాయ్ చెయ్యి ఆమె డబ్బాలోకి వచ్చింది. ఉంగరంలో మెతుకు కూడా ఉంది. అది మెతుకు, అంతే.

*

పట్టీ తీయడం ఆ సాయంత్రానికి వాయిదా వేసింది. తర్వాత ఆదివారానికి. హాయిగా ఉన్నదాన్ని తీయడానికి తొందరేముంది?

ఇంట్లో ఆమె, కూతురు మైత్రి ఇద్దరే. భర్త ఓడ మీద పనిచేస్తాడు, ఆరు నెలలకోసారి వస్తాడు. మైత్రికి ఎనిమిదేళ్ళు. పాలు ఎప్పుడూ పూర్తిగా తాగదు. అడుగున మూడు గుక్కలు వదిలేస్తుంది. వాటి మీద మీగడ తెట్టు, ఒక్కోసారి నానిన బిస్కట్టు ముక్క. వకుళ ముఖం చిట్లించి, కళ్ళు మూసుకుని ఆ మూడు గుక్కలూ తాగేది. అది వాళ్ళిద్దరి ఆట. తల్లి ముఖం అలా పెట్టడం చూడడానికే ఆ పిల్ల పాలు మిగిల్చేది. చిన్నప్పటి నుంచీ మీగడంటే వాంతి వచ్చే మనిషి వకుళ. ఆ సంగతి మైత్రికి తెలుసు.

ఆదివారం పొద్దున మైత్రి స్నేహితురాలు జోషిత వచ్చింది. ఇద్దరూ పాలు తాగి వరండాలోకి పోయారు. బల్లమీద రెండు గ్లాసులు. వకుళ వార్తాపత్రిక చదువుతూ ఒకటి తీసి తాగింది. రెండోది కూడా తాగింది.

మైత్రి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అమ్మా, రెండోది జోషితది."

"అవునా?"

"జోషితకి జలుబు. అందులో చీదింది. నవ్వుతుంటే ముక్కులోంచి వచ్చింది. నేను చూశాను."

"పర్లేదులే."

మైత్రి కదల్లేదు. "నువ్వు ముఖం పెట్టలేదు."

"ఏంటి?"

"నాది తాగినప్పుడు కూడా ముఖం పెట్టలేదు." ఎనిమిదేళ్ళ ముఖంలో పెద్దవాళ్ళ గీత ఒకటి కనపడింది. "అయితే నువ్వు ఎవరి ఎంగిలైనా తాగుతావా?"

తన వృత్తిలో ఇంత శుభ్రమైన పరీక్ష ఎవరూ చెయ్యలేదని వకుళకి తోచింది. ఆ తోచడంలో ఏ నొప్పీ లేదు. నొప్పి ఉండాలని తెలుసు. ఎక్కడ ఉండాలో కూడా తెలుసు, పన్ను ఊడిన చోట నాలుక తడుముకున్నట్టు. లేదు. కూతురి ఎంగిలీ, ముక్కు చీదిన పాలూ, హైమ నోట్లో వేళ్ళూ, అన్నీ ఒకే రుచిగా ఉన్నాయి. అందులో భయపడాల్సిన విషయం ఉందని ఆమె చదువు చెప్పింది. భయం రాలేదు. చదువు చెప్పిన మాట మీదే లేచి వెళ్ళి, అద్దం ముందు నిలబడి పట్టీ పీకేసింది.

జోషితని వాళ్ళింటికి పంపింది. మైత్రిని పక్కింటి మామ్మగారికి అప్పగించింది.

గంట తర్వాత మొదలైంది. నివేదికలో 'స్వల్ప అసౌకర్యం' అని మార్చినా తను ఒప్పుకున్న సంగతి అది. ముందు పాలు వచ్చాయి. తర్వాత శుక్రవారం అన్నం, అందులో నాలుగు గుంటలు. తర్వాత తన సంతకం వచ్చింది. సంతకాన్ని వాంతి చేసుకోవడం ఎలాగో తెలియక ఆమె బాత్రూము నేలమీద బోర్లా పడి డోకుతూనే ఉంది. రెండు రోజుల పట్టీకి రెండు రోజులు పట్టింది. రెండో రోజు అవసరం లేనివన్నీ వచ్చాయి: పట్టీ లేని రోజుల్లో నవ్వుతూ మింగిన ముద్దలు, 'పర్లేదు బాబాయ్' అన్న ఫోన్, తాడు పట్టుకు లాగిన అప్పలకొండ పక్కవాడు. అవేవీ పట్టీ ఖాతాలోవి కావు.

మూడో రోజు నిలబడగలిగింది. సంతకం వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాసింది. దాని కింద అప్పలకొండ మాటలు అతను అన్నవి అన్నట్టే చేర్చింది. మహిళా కమిషన్‌కీ, కార్మిక శాఖకీ, గోవర్ధనరావుకీ ఒకేసారి పంపింది.

*

శుక్రవారం ఆమె డబ్బా పట్టుకుని పంక్తిలో కూర్చుంది. ఉత్తరం సంగతి బాబాయ్‌కి తెలుసు. ఆయన ఎప్పటిలాగే నవ్వుతూ ఒక్కో డబ్బాలో చెయ్యి పెట్టుకుంటూ వస్తున్నాడు. యాభై తొమ్మిది ముఖాలు నున్నగా ఉన్నాయి. చెయ్యి ఆమె దగ్గరికి వచ్చింది. పచ్చరాయి, గాడిలో మెతుకు.

వకుళ డబ్బా మూత పెట్టింది.

ఆ చప్పుడుకి పక్కనున్న ఇద్దరు ముగ్గురు తలెత్తారు. బాబాయ్ చెయ్యి గాల్లోనే ఆగింది. వేలి చివర నుంచి పులుసు బొట్టు స్టీలు మూత మీద పడింది.

"ఏమ్మా, బాబాయ్ మీద కోపమా?"

"కోపం కాదండీ. అసహ్యం."

"అండీ అంటోంది చూశారా," అన్నాడు ఆయన పంక్తి వైపు తిరిగి. కొందరు నవ్వారు. కొందరికి నవ్వాలో లేదో తెలియలేదు. ఆయన పక్క డబ్బాకి వెళ్ళిపోయాడు. అక్కడ 'పర్లేదు బాబాయ్' అని వినపడింది. అంతే జరిగింది. పిన్ని అప్పటికే ఫోన్‌లో ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. గేటు దగ్గర తన గుర్తింపు కార్డు తీసుకుంటారని వకుళకి అర్థమైంది.

చేతులు కడుక్కునే చోట హైమ వెనకాలే వచ్చింది.

"అక్కా, మూత ఎందుకు పెట్టారు?"

"పట్టీ తీసేశాను." వకుళ చెవి వెనక ఎర్రటి మచ్చ చూపించింది.

"తీసేస్తే ఏమవుతుంది?"

ఈసారి వకుళ ఆ జవాబులో ఒక్క మాట తగ్గించలేదు. "వాంతులు. పెట్టుకున్నన్నాళ్ళూ జరిగిందంతా గుర్తొస్తుంది. అసలప్పుడు రావలసినంతగా వస్తుంది. నేను పెట్టుకున్నది రెండు రోజులు. నాకు రెండు రోజులు పట్టింది."

హైమ వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకుంది. ముఖంలో ఏమీ కదలలేదు. లెక్క మాత్రం చేసింది. "నావి చాలా ఉంటాయి."

"చాలా ఉంటాయి."

"తీయకపోతే?"

"హాయిగా ఉంటావు."

కుళాయి కారుతోంది. హైమ దాన్ని కట్టేసింది. "మొన్న మా అమ్మ వచ్చిందక్కా. చూసి వెళ్తూ ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావంటే, నీకు నేను ఏం చెప్పినా పర్లేదంటున్నావు, నాన్నకి జబ్బు చేసిందన్నా పర్లేదన్నావు అంది. నేను అలా అన్నానని నాకు తెలీదు." ఆమె చేతులు తుడుచుకుంది. "మీ ఇల్లు దూరమా?"

*

మైత్రిని ఆ వారమంతా మామ్మగారింట్లోనే పడుకోబెట్టింది. ఉద్యోగం పోయింది కాబట్టి సెలవు అడగాల్సిన పని లేదు.

హైమ పట్టీ పీకేసి బాత్రూము తలుపుకి ఆనుకుని కూర్చుంది. మొదటి మూడు గంటలు ఏమీ జరగలేదు. "నాకు రాదేమో," అంది. ఆ మాట మధ్యలోనే ఆమె ముఖం మారింది. వారాల తరబడి కదలని కండరం ఒకటి పై పెదవి దగ్గర వణికింది. ముక్కు ముడుచుకుంది. నోరు వంకర పోయింది. అంత వికారమైన, అంత ప్రాణమున్న ముఖాన్ని వకుళ తన ప్రయోగశాలలో ఎన్నడూ చూడలేదు.

"ఛీ," అంది హైమ.

అది లోపలున్నదాన్ని బయటికి పిలిచినట్టు ఉంది. మళ్ళీ అంది. తర్వాత అనడానికి నోరు ఖాళీ లేకపోయింది. బకెట్టు అందేలోపే పైకి తన్నుకొచ్చింది. పుల్లటి, వెచ్చటి వాసన గదంతా నిండింది. ఆ పిల్ల తన వేళ్ళే నోట్లో పెట్టుకుని, అక్కడ ఇంకా ఎవరివో వేళ్ళున్నట్టు లాగుతోంది. వకుళ ఆ చేతిని మెల్లగా తీసింది. తన అరచెయ్యి చాపి గడ్డం కింద పట్టింది.

చేతిలోకి వచ్చింది. వెచ్చగా, జిగటగా, సగం అరిగిన మెతుకులతో. వకుళకి కడుపులో దేవింది. గొంతు దాకా వచ్చింది. ముఖం తనంతట తనే చిట్లింది, మీగడ తెట్టు చూసినప్పటిలాగే.

హైమ తలెత్తి ఆ ముఖాన్ని చూసింది.

"అసహ్యంగా ఉందా అక్కా?"

"చాలా," అంది వకుళ. చెయ్యి తీయలేదు.